మైనస్ పెడితే అల కుడికి ఎందుకు జరుగుతుంది?

ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం. విశాఖపట్నంలో నిలబడి సైన్, కొసైన్‌ల గురించి మాట్లాడుతూ సముద్రాన్ని పక్కన పెట్టడానికి నాకు మనసొప్పదు. అందుకే పోటుతో మొదలుపెడతాను.

మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. చంద్రుడి వల్ల వచ్చే ప్రధానమైన పోటు దాదాపు 12 గంటల 25 నిమిషాలకొకసారి వస్తుంది. ఆ చుట్టంతా 360 డిగ్రీలు అనుకుంటే గంటకు సుమారు 29 డిగ్రీలు. అర్ధరాత్రి నుంచి గంటలు లెక్కపెడదాం. పోటు తెల్లవారుజామున 2 గంటలకు వచ్చిందనుకోండి. అప్పుడు నీటిమట్టం కొసైన్ (29 × గంటలు − 58).

మైనస్ చూడగానే చాలామంది గ్రాఫును ఎడమకు లాగుతారు, అదీ 58 మేర. జవాబు పత్రాల్లో ఈ రెండు తప్పులూ జంటగానే కనిపిస్తాయి. నన్నడిగితే కుడి, ఎడమ అని బట్టీ పట్టించడమే దీనికి మూలం. కొసైన్ శిఖరం కోణం సున్నా అయినచోట ఉంటుంది. లోపలిది ఎప్పుడు సున్నా అవుతుంది? 29 × 2 నుంచి 58 తీసేసినప్పుడు. అంటే 2 గంటలకు. మైనస్ అంటే ఆలస్యం. శిఖరం కుడికి వెళ్లింది. జరిగింది 58 కాదు, 58ని 29తో భాగిస్తే వచ్చే 2 గంటలు.

ఇక గుర్తుల ఒప్పందం. నేను ఎక్కువసేపు ఆగదలచినది ఇక్కడే. పోటుపాట్లు లెక్కగట్టేవారు మైనస్‌ను సూత్రంలోనే ఉంచి, పట్టికలో 58 అని ధన సంఖ్యగా రాస్తారు. దాన్ని వారు దశా విలంబం అంటారు, అంటే అల ఎంత ఆలస్యమైందో డిగ్రీల్లో చెప్పడం. కొసైన్ లోపల ప్లస్ రాసే అలవాటున్నవారికి అదే దశ −58. ఒకరి పట్టికను మరొకరి సూత్రంలో పెడితే తేడా 116 డిగ్రీలు, అంటే 4 గంటలు. పోటు నిండుగా ఉంటుందనుకున్న వేళకు నీరు సగటు మట్టం కన్నా కిందే ఉంటుంది. హార్బర్ నుంచి పడవ తీసేవారికి అది చిన్న తేడా కాదు.

ఇదే అలను సైన్‌తో రాస్తే సైన్ (29 × గంటలు + 32) అవుతుంది. మైనస్ ప్లస్ అయింది, అల మాత్రం వెంట్రుకవాసి కూడా కదలలేదు. అందుకే దశ ఎంత అని అడిగేముందు, ఏ ప్రమేయంతో, ఏ గుర్తుతో రాశారో అడగండి.

ఇప్పుడు ఒకరు బోర్డు దగ్గరకు రండి. పోటు 3 గంటలకు వస్తే మైనస్ పక్కన ఏ సంఖ్య రాస్తారు?