తాళం వేసిన పుస్తకం, పర్లాకిమిడి నుంచి ఫోన్

యాంకర్: హలో, చెప్పండమ్మా. ఎక్కడి నుంచి?

కాలర్: పర్లాకిమిడి నుంచండీ. మా నాన్నగారికి చూపు బాగా తగ్గిపోయింది. ఆయన బడి చదువంతా ఒడియాలోనే, కానీ కథల పుస్తకమంటే తెలుగే కావాలి. ఫోనే చదివి వినిపిస్తుంది కదా అని డబ్బు కట్టి ఒక యాప్‌లో నవల కొన్నాను. తీరా చూస్తే చదివి వినిపించే బటన్ బూడిద రంగులో ఉంది. ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

నిపుణుడు: పుస్తకానికి తాళం వేసి అమ్మారమ్మా. దాన్నే డీఆర్‌ఎం అంటారు. కాపీలు తీయకుండా వేసిన తాళం, నాన్నగారి నోటికాడి ముద్ద కూడా లాగేసింది.

కాలర్: బరంపురంలో ఎవరో తీసిపెడతారని మా తమ్ముడు అంటున్నాడు. కేసు అవుతుందేమోనని నాకు టెన్షన్.

నిపుణుడు: 2012లో కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్ చేర్చారు. తాళం పగలగొడితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా కూడా. అయితే హక్కులకు గండి కొట్టే ఉద్దేశంతో చేస్తేనే. ఊరంతా పంచడం వేరు, చూపు లేని తండ్రికి వినిపించడం వేరు. వికలాంగులు చదువుకోగలిగే రూపంలోకి మార్చుకోవచ్చని 52వ సెక్షన్‌లో ఉంది. ఒక్కటే మెలిక. తాళం తీసిపెట్టే మనిషి మీ పేరు, చిరునామా, ఎందుకు తీయించుకున్నారో అన్నీ రాసి ఉంచాలి.

యాంకర్: నాన్నకు నవల వినిపించడానికి రిజిస్టర్లో పేరెక్కాలా?

నిపుణుడు: ఎక్కాలి. నాకైతే నచ్చదు, చట్టం మాత్రం అదే. ఆ మాటకొస్తే యాప్ కూడా తక్కువేం రాసుకోదు. 2014లో అడోబీ డిజిటల్ ఎడిషన్స్ అనే ఈ-పుస్తకాల యాప్ సంగతి బయటపడింది. ఏ పుస్తకం తెరిచారు, ఏ పేజీలు చదివారు, అన్నీ కంపెనీకి చేరవేసేది. అదీ పోస్టుకార్డు మీద రాసినట్టు, దారిలో ఎవరైనా చదివేలా! లైసెన్సు సరిచూడ్డానికే అన్నారు.

కాలర్: అయ్యో, ఈ యాప్ కాంటాక్టులు కూడా అడిగిందండీ. ఇచ్చేశాను.

నిపుణుడు: సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ అనుమతి తీసేయండి. నవల చదవడానికి మీ పిన్నిగారి నంబరెందుకు? తర్వాత, అమ్మినవాళ్లకు మెయిల్ రాయండి. రసీదు, డాక్టరు చీటీ జతచేసి, వినగలిగే ఫైలు ఇమ్మని అడగండి. ఈలోగా టాక్‌బ్యాక్, అంటే ఆండ్రాయిడ్ ఫోన్లో తెర మీదున్నది చదివి వినిపించే సదుపాయం, ఆన్ చేసి చూడండి. బటన్ పనిచేయకపోయినా కొన్ని యాప్‌లలో అది చదువుతుంది.

కాలర్: ఎక్కడుంటుందండీ అది?

నిపుణుడు: సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద. ఆన్ చేశాక దేన్ని తెరవాలన్నా రెండుసార్లు తట్టాలి. ఫోన్ పాడైందని కంగారు పడకండి.