కాండర్‌స్టెగ్: ఫాస్ట్ రైలు ఆగని ఊళ్లో రెండు రాత్రులు

నమస్తే అండి. స్విట్జర్లాండ్ అనగానే మనవాళ్ల ప్లాన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. జ్యూరిక్‌లో దిగడం, యుంగ్‌ఫ్రావ్ ఎక్కి మంచులో ఫొటోలు, సాయంత్రం ఇంటర్‌లాకెన్‌లో పప్పన్నం ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కోవడం, మర్నాడు టిట్లిస్. తప్పేం లేదు, నేనూ మొదటిసారి అదే చేశాను. ఈ వీడియోలో మాత్రం ఆ లిస్టులో కనిపించని ఊరికి ఎలా వెళ్లాలో, అక్కడ ఎలా నడవాలో చెప్తాను. ఊరి పేరు కాండర్‌స్టెగ్. బెర్న్ రాష్ట్రంలో సుమారు 1,200 మీటర్ల ఎత్తులో, మూడు వైపులా కొండలు మూసేసిన లోయ చివర ఉంటుంది.

ముందు రైలు సంగతి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు, నాతో సహా. బెర్న్ స్టేషన్‌లో బ్రిగ్ వైపు వెళ్లే ఫాస్ట్ రైలు కనబడగానే ఎక్కేశాను. ష్పీట్స్ దాటింది, ఇంకో అరగంటలో దిగుదామని బ్యాగు సర్దుకుంటున్నాను. రైలు సొరంగంలోకి దూరింది. ఎంతకీ బయటికి రాదే! వచ్చేసరికి విస్ప్‌లో ఉన్నాను, అంటే కొండకి అవతల వైపు.

ఎందుకంటే 2007లో కొండ అడుగున 34.6 కిలోమీటర్ల కొత్త సొరంగం తెరిచారు. ఫాస్ట్ రైళ్లన్నీ అందులోంచే పోతాయి. కాండర్‌స్టెగ్ మీదుగా వెళ్లేది 1913 నాటి పాత లైను. దాని మీద తిరిగేది నిదానం రైలే. ఊరు ఇంత ప్రశాంతంగా ఉండడానికి అదీ ఒక కారణమని నా లెక్క. కాబట్టి యాప్‌లో గమ్యం ‘కాండర్‌స్టెగ్’ అనే కొట్టండి, ‘ఆర్‌ఈ’ (RE, అంటే రీజియో ఎక్స్‌ప్రెస్) అని ఉన్న రైలు చూసుకోండి. బెర్న్ నుంచి గంట పైచిలుకు. లేదంటే ష్పీట్స్‌లో దిగి మారండి. నాలాగా దాటిపోయినా కంగారు పడొద్దు. బ్రిగ్ వెళ్లి పాత లైనులో వెనక్కి రండి. కొండ అంచు పట్టుకుని రైలు పైకి పాకుతుంటే రోన్ నది లోయ మొత్తం కింద పరుచుకుని కనిపిస్తుంది. నా తప్పుకి దొరికిన బహుమతి అది.

ఆ పాత లైనుకీ ఒక సొరంగం ఉంది, దాని గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్దాం. దాన్ని తిన్నగా తవ్వాలనుకున్నారు. 1908 జులై 24న గాస్టర్న్ లోయ కింద తవ్వుతుండగా పైనున్న కంకర, ఇసుక, నీళ్లు ఒక్కసారిగా లోపలికి కూలిపడి 25 మంది కూలీలు చనిపోయారు. ఆ భాగాన్ని గోడ కట్టి మూసేసి, సొరంగాన్ని వంపు తిప్పి తవ్వారు. ఈ రోజు బ్రిగ్ వైపు నుంచి కాండర్‌స్టెగ్‌కి వచ్చే రైలు వెళ్లేది ఆ వంపులోంచే.

ఇక సరస్సు. ఓషినెన్ సరస్సు, 1,578 మీటర్ల ఎత్తులో. ఊళ్లోంచి గొండోలా (తీగ మీద వేలాడుతూ వెళ్లే రోప్‌వే) ఉంది, పైన దిగాక ఇరవై ఇరవై అయిదు నిమిషాలు మెత్తటి దారి. అమ్మానాన్నల్ని తీసుకెళ్తే, మోకాళ్లు ఇబ్బంది పెడితే, అక్కడి నుంచి చిన్న ఎలక్ట్రిక్ బండి కూడా నడుపుతారు. వేసవి సెలవుల్లో రద్దీ ఎక్కువ, సీజన్ల మధ్య గొండోలాని మరమ్మతులకి ఆపుతారు. అందుకని బయల్దేరే ముందు వాళ్ల వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

ఈ సరస్సుకి ఆనకట్ట ఎవరూ కట్టలేదు. పక్క కొండ విరిగిపడి ఆ రాళ్లే అడ్డుకట్ట అయ్యాయి. బ్లూమ్లిసాల్ప్ అనే కొండల మీది హిమానీనదాల నీళ్లు జలపాతాలుగా లోపలికి దూకడం కనిపిస్తుంది. బయటికి పోయే వాగు మాత్రం కనిపించదు. నీళ్లు అడుగునున్న రాళ్ల సందుల్లోంచి జారిపోయి కింద ఎక్కడో ఊటలుగా తేలతాయి. నేను ఒడ్డున అటూ ఇటూ తిరిగి ఆ వాగు కోసం వెతికి, తర్వాత బోర్డు చదివి నవ్వుకున్నాను.

ఇప్పుడు అసలు నడక. సరస్సు దగ్గర ఆగిపోకండి. గొండోలా పై స్టేషన్ నుంచి ఎడమ చేతి వైపు హాయ్‌బెర్గ్ అని బోర్డు ఉంటుంది. మొదటి గంట దేవదారు లాంటి చెట్ల మధ్య ఎక్కుడే, ఊపిరి అందదు, మాటలు తగ్గుతాయి. చెట్లు అయిపోయిన చోట ఒక్కసారిగా సరస్సు మీ కాళ్ల కింద, 350 మీటర్ల లోతులో కనిపిస్తుంది. అక్కడ్నుంచి దారి కొండ నడుముకి కట్టిన వడ్డాణంలా ఓబర్‌బేర్గ్లి దాకా సాగుతుంది. అక్కడ ఆవుల్ని మేపే వాళ్ల గుడిసె ఉంది, వేసవిలో చీజ్ అమ్ముతారు. తర్వాత నిటారు దిగుడు, ఉంటర్‌బేర్గ్లి మీదుగా సరస్సు ఒడ్డుకి. మొత్తం నాలుగు గంటలు వేసుకోండి. ఆ దిగుడు మోకాళ్లకి పరీక్ష. నమ్మకం లేకపోతే హాయ్‌బెర్గ్ చూసి వచ్చిన దారినే వెనక్కి రండి, పోగొట్టుకునేది ఏమీ లేదు.

బోర్డులు చదవడం నేర్చుకోండి. పసుపు బోర్డు మీద కిలోమీటర్లు ఉండవు, సమయం ఉంటుంది. అది ఆగకుండా నడిస్తే పట్టే సమయం. ఫొటోలకీ, పులిహోర డబ్బా విప్పడానికీ మీరే కలుపుకోవాలి. ఉత్త పసుపు గుర్తయితే మామూలు దారి. తెలుపు-ఎరుపు-తెలుపు ఉంటే కొండ దారి, మంచి బూట్లు ఉండాలి. హాయ్‌బెర్గ్ దారి ఇదే. తెలుపు-నీలం-తెలుపు కనిపిస్తే అది పర్వతారోహణ తెలిసినవాళ్ల దారి, మనం వెనక్కి తిరగడమే. ‘దారి మూశాం’ అన్న బోర్డుని మాత్రం చచ్చినా దాటొద్దు. సరస్సు పైన ష్పిట్సె ష్టై అనే శిఖరం కదులుతోంది. లోపల గడ్డకట్టి రాళ్లని పట్టుకున్న మంచు కరుగుతోంది. దాన్ని పరికరాలతో గమనిస్తూ, కింద కొన్ని దారులు మూసేశారు.

జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా వెళ్తే మేలు. వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు, వాన మామూలే, అందుకని పొద్దున్నే ఎక్కండి. ఆదివారం కొట్లు చాలావరకు మూతే, శనివారమే పెరుగు, బ్రెడ్డు తెచ్చుకోండి. నీళ్ల సీసాలు కొనొద్దు, కుళాయి నీళ్లే తాగొచ్చు. దారిలో ఎదురైనవాళ్లు ‘గ్రూయెసెఖ్’ అంటారు. మనమూ అనాలి, ఎలా పలికినా సంతోషిస్తారు.

ఒక్క రాత్రి కాదు, రెండు రాత్రులు ఉండమంటాను. పగలు పన్నెండింటికి సరస్సు ఒడ్డు తిరునాళ్లలా ఉంటుంది. పడవలు, పిల్లలు, సెల్ఫీలు. సాయంత్రం అయిదు దాటితే వచ్చినవాళ్లు వచ్చినట్టే దిగిపోతారు. జలపాతాల చప్పుడు అప్పటిదాకా ఉన్నదే, అప్పుడే వినిపిస్తుంది. ఆవుల మెడ గంటలు ఎక్కడో పైనుంచి.

కిందికి చివరి గొండోలా ఎన్నింటికో పొద్దున ఎక్కేటప్పుడే ఫొటో తీసి పెట్టుకోండి. తప్పిపోతే ఊళ్లోకి నడక దారి ఉంది, గంటకి పైగా దిగుడు, టార్చి దగ్గర పెట్టుకోండి. మొదటిసారి నాకు పొరపాటున తప్పిపోయింది. రెండోసారి కావాలనే ఎక్కలేదు.