లారీ డీజిల్ ట్యాంకులోకి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? గాలి పైపు సంగతి పూర్తిగా

నమస్కారం అండి. ముందు ఈ సీసా చూడండి. అడుగున రెండు వేళ్ళ మందాన తేటగా ఉన్నవి నీళ్ళు, పైన పసుపుగా తేలుతున్నది డీజిలు. ఫిల్టరు కింద గిన్నెలోంచి తీసింది ఇది. లీటరు నీళ్ళు కేజీ తూగితే, లీటరు డీజిలు 830 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది. అందుకే నీళ్ళు ఎప్పుడూ అడుక్కే చేరతాయి. ఇంజనుకి డీజిలు లాగే పైపు మూతి ఉండేది కూడా ఆ అడుగునే.

నీళ్ళు కనపడగానే షెడ్డులో వినపడే మాటలు రెండు. బంకులో కల్తీ జరిగింది అంటారు, లేకపోతే మన కోనసీమ గాలికి ట్యాంకులో చెమ్మ పట్టేసింది అంటారు. బంకు సంగతి చివర్లో తేల్చుకుందాం. చెమ్మ సంగతి ఇప్పుడే లెక్క వేసి చూద్దాం.

300 లీటర్ల ట్యాంకు అనుకోండి. అందులో 200 లీటర్లు కాలిపోతే, ఖాళీ అయిన చోటుకి 200 లీటర్ల బయట గాలి వస్తుంది. వానాకాలం గాలి 30 డిగ్రీల దగ్గర తేమతో నిండిపోయి ఉన్నా, వెయ్యి లీటర్ల గాలి మోసే నీళ్ళు 30 గ్రాములు. మన 200 లీటర్లకి 6 గ్రాములు. ఒక చెంచాడు. అది కూడా మొత్తం ట్యాంకు గోడలకి పట్టదు. మరి సీసాలో ఉన్న ఈ అర గ్లాసు నీళ్ళు చెమ్మ వల్ల ఒక్క వారంలో రావండి. ఇవి నీళ్ళుగానే లోపలికి వెళ్ళాయి. వెళ్ళిన దారి చాలా బళ్ళల్లో గాలి పైపే.

ఎలా వెళ్ళాయో చెప్తాను. కామన్ రైల్ ఇంజను, అంటే నాజిళ్ళన్నిటికీ ఒకే గొట్టంలోంచి గట్టి ఒత్తిడితో డీజిలు అందించేది, లాగిన డీజిలంతా కాల్చదు. మిగిలింది వేడెక్కి రిటర్న్ పైపులో ట్యాంకుకే తిరిగి వస్తుంది. పైన ఎండ ఒకటి. రాజమండ్రి నుంచి తాడేపల్లిగూడెం దాకా లోడుతో లాగి బండి ఆపేసరికి ట్యాంకులో గాలి 50 డిగ్రీలకి చేరిందనుకుందాం. అప్పుడు దాని మీద చల్లటి నీళ్ళు కొట్టారు. లోపలి గాలి 28 డిగ్రీలకి దిగింది. దిగితే నూటికి ఏడు వంతుల దాకా కుంచించుకుపోతుంది. 200 లీటర్ల ఖాళీలో అది 13, 14 లీటర్లు. ఆ చోటు నిండాలి కాబట్టి ట్యాంకు బయటినుంచి పీలుస్తుంది. గాలి పైపు మూతి దగ్గర గాలుంటే గాలిని పీలుస్తుంది. నీళ్ళు నిలిచి ఉంటే నీళ్ళనే పీలుస్తుంది. అంతే సంగతి.

[కెమెరా ట్యాంకు పైభాగానికి, బాగా దగ్గరగా]

ఇప్పుడు ట్యాంకు మీదకి రండి. పాత బళ్ళల్లో గాలి తీసుకునే రంధ్రం డీజిలు మూతలోనే ఉంటుంది. కొత్తవాటిలో ట్యాంకు పైన విడిగా చిన్న వాల్వు, దానికి ఒక రబ్బరు పైపు ఉంటాయి. షెడ్డులో బ్రీదరు అంటారు. ఈ బండిలో ఆ పైపు తెగి పోయింది, చిన్న మొలక మిగిలింది. దాని మూతి ఆకాశం వైపు చూస్తోంది. చుట్టూ చూడండి, రేకు కొంచెం లోతుగా పళ్ళెంలా ఉంది, అందులో ఎండిన బురద చారలు. నీళ్ళు నిలిచిన గుర్తులవి. ఈ పళ్ళెంలో అర గ్లాసు నీళ్ళు సులువుగా పడతాయి.

ఇదే పళ్ళెంలో ఫ్లోట్ యూనిట్ కూడా ఉంది, డీజిలు ముల్లు చూపించేది. దాని కింద గాస్కెట్ గట్టిపడి పగిలితే అది కూడా ఇంకో గాలి పైపులాగే నీళ్ళు పీలుస్తుంది. గోరుతో నొక్కండి. మెత్తగా లోపలికి వెళ్ళి మళ్ళీ పైకి వస్తే బాగున్నట్టు. గోరుకి పెళుసుగా తగిలితే మార్చేయండి. మూత లోపలి వాషరుకి కూడా ఇదే పరీక్ష.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. నీళ్ళు పోతున్నాయని మూత మీద పాలిథిన్ కవరు వేసి ట్యూబు ముక్కతో బిగించి కట్టేస్తారు, బ్రీదరు మూతిలో గుడ్డ కుక్కుతారు. దయచేసి ఆ పని చెయ్యకండి. గాలి రాకపోతే, ఇందాక చెప్పిన ఏడు వంతుల లోటు ట్యాంకు రేకు మీద పడుతుంది. ఒక చదరపు అడుగు రేకు మీద 65 కేజీల బరువు, అంటే ఒక మనిషి ఎక్కి నించున్నట్టు. రేకు లోపలికి నొక్కుకుపోతుంది, నడుస్తుండగా పికప్ పడిపోతుంది, పగిలిన గాస్కెట్ ఎక్కడుంటే అక్కణ్ణుంచి మరింత గట్టిగా నీళ్ళు లాగుతుంది. గుడ్డ అయితే ఇంకా నష్టం, అది దీపం వత్తిలా తడిని లోపలికి ఎక్కిస్తుంది. కందిరీగలు మట్టి గూడు కట్టి మూతి మూసేసినా జరిగేది ఇదే. నడిపి వచ్చాక మూత వదులు చేస్తే సుయ్యిమని గాలి లోపలికి పోయిన చప్పుడు వస్తోందా? గాలి దారి మూసుకుపోయినట్టే.

సరే, పని మొదలుపెడదాం. దానికి ముందు ఒక జాగ్రత్త. మన దేశపు ప్రమాణం ప్రకారం డీజిలు ఫ్లాష్ పాయింట్ 35 డిగ్రీలుంటే చాలు. వేడెక్కిన ట్యాంకు ఆ గీత దాటేసి ఉంటుంది, అంటే లోపలి ఆవిరికి నిప్పు అంటుకునే స్థితి. కాబట్టి బండి చల్లారాకే చెయ్యి పెట్టాలి. దగ్గర్లో బీడీ వద్దు, వెల్డింగు వద్దు, ట్యాంకుకి డ్రిల్లు అసలే వద్దు. వారంటీలో ఉన్న బండి అయితే ఈ పని సర్వీసు సెంటరులోనే చేయించండి.

బ్రీదరు వాల్వు విప్పే ముందు చుట్టూ మట్టి బ్రష్షుతో తుడిచెయ్యండి, విప్పాక అదే లోపలికి పడేది. వాల్వుని శుభ్రమైన డీజిల్లో కడిగి ఆరబెట్టి ఊపి చూడండి. చాలా వాటిలో లోపల గుండు ఉంటుంది, బండి పడిపోతే డీజిలు కారకుండా మూసేది. గుండు టకటకలాడాలి. వాల్వు నిలబెట్టి పట్టుకుంటే గాలి రెండు వైపులా పోవాలి. కంప్రెసరు గాలి కొట్టాలంటే పైపుని ట్యాంకు నుంచి పూర్తిగా విడదీశాకే కొట్టండి, లేకపోతే ట్యాంకు ఉబ్బుతుంది.

తర్వాత పైపు. ట్యాంకు మొలక బయటి కొలత ముందు కొలుచుకోండి. 8 మిల్లీమీటర్లు ఉంటే 8 మిల్లీమీటర్ల లోపలి కొలత ఉన్న నైట్రైల్ రబ్బరు ఫ్యూయల్ హోసు, రెండున్నర మీటర్లు సరిపోతుంది. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు పనికిరాదు. అది డీజిలు ఆవిరికి గట్టిపడి, కొన్నాళ్ళకి క్లిప్పు దగ్గరే చీలిపోతుంది. హోసు క్లిప్పు ఒకటి, అడుగుకొకటి చొప్పున బిగించడానికి రబ్బరు పొదిగిన పి-క్లిప్పులు, చివర్లోకి ఒక స్టీలు వంపు, దాని మూతికి టోపీ ఉన్న చిన్న బ్రీదరు ఫిల్టరు తీసుకోండి. రబ్బరు హోసునే వంచితే మడత పడి గాలి ఆగిపోతుంది, అందుకే ఆ స్టీలు ముక్క.

పైపుని ట్యాంకు నుంచి పైకి, పైకి మాత్రమే తీసుకెళ్ళండి. మధ్యలో ఎక్కడైనా ఉయ్యాలలా కిందికి జారితే ఆ లోతులో నీళ్ళు చేరతాయి, ట్యాంకు పీల్చినప్పుడల్లా గుక్కెడు లోపలికి పోతాయి. తిన్నగా ఎక్కితే, కుదుపులకి ఎగిరొచ్చిన డీజిలు కూడా ట్యాంకులోకే దిగిపోతుంది. సైలెన్సరుకి, టర్బోకి, బ్యాటరీకి దూరం. క్యాబిన్‌కి కట్టకండి, ఇంజను పనికి క్యాబిన్ ముందుకి వాల్చినప్పుడు పైపు ఊడిపోతుంది. టిప్పరు అయితే తొట్టికి కూడా కట్టకండి, చాసిస్ మీద నిలబెట్టిన బ్రాకెట్‌కి కట్టండి. మామూలు లారీకి బాడీ ముందు పలక బాగుంటుంది. నేల నుంచి 5, 6 అడుగుల ఎత్తు చూసుకోండి. చివర గొడుగు పిడిలా వంచి మూతి నేల వైపు పెట్టాలి.

ఆ వంపు దగ్గర ఒక కిటుకు ఉంది, జాగ్రత్తగా వినండి. కొంతమంది పైపుని ఎత్తుకి తీసుకెళ్ళి, మళ్ళీ చాసిస్ కింద దాకా దించి వదులుతారు. పైన వంపు ఉంది కదా, నీళ్ళు ఎక్కవులే అనుకుంటారు. ఎక్కుతాయి. ఇందాక చెప్పిన ఏడు వంతుల లోటు నీళ్ళని రెండు అడుగుల ఎత్తు దాకా లాగగలదు. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగి లంకల దగ్గర కాజ్‌వేల మీద నీళ్ళు పారుతుంటాయి చూశారా? మూతి ఆ నీళ్ళలో మునిగితే, వేడి ట్యాంకు చల్లబడుతూ స్ట్రాతో కొబ్బరి బొండం తాగినట్టు తాగేస్తుంది. వంపు ఎంత ఎత్తున ఉందని కాదు, మూతి ఎంత ఎత్తున ఉందని చూడాలి. వంపు నుంచి కిందికి మూడు అంగుళాలు దిగితే చాలు.

గాలిలో తేమ పీల్చే సిలికా జెల్ డబ్బాలు అమరుస్తామని కొందరు అడుగుతున్నారు. చెరువుల దగ్గర కదలకుండా ఉండే జనరేటరు ట్యాంకులకి అవి బాగానే పనికొస్తాయి. లారీకి నా సలహా, వద్దు. మన డెల్టా తేమకి త్వరగా రంగు మారిపోతాయి, మార్చడం మర్చిపోతే దండగ. ఆపాల్సింది చెంచాడు చెమ్మని కాదు, అర గ్లాసు నీళ్ళని.

బీఎస్-6 బళ్ళల్లో నీలం మూతతో డెఫ్ ట్యాంకు, అంటే పొగని శుభ్రం చేసే యూరియా ద్రవం పోసేది, ఉంటుంది, దాని గాలి పైపు వేరు. రెండూ ఎప్పుడూ కలపకండి.

రొయ్యల బళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. భీమవరం, ఆకివీడు వైపు నుంచి ఐసు వేసుకుని వెళ్ళే బళ్ళల్లో కరిగిన ఐసు నీళ్ళు బాడీ సందుల్లోంచి కారి సరిగ్గా ట్యాంకు మీద పడుతుంటాయి. మైళ్ళ తరబడి వేడి ట్యాంకు మీద ఐసు నీళ్ళు! ఇంతకంటే బాగా పీల్పించే పద్ధతి లేదు. పైగా ఆ నీళ్ళలో ఉప్పుంటే స్టీలు ట్యాంకు తుప్పు పడుతుంది, అల్యూమినియానికి తెల్లటి పొడి పడుతుంది. బాడీ నీళ్ళు పోయే గొట్టాన్ని ట్యాంకుకి అవతలి పక్కకి తిప్పండి. కుదరకపోతే ట్యాంకు పైన మడ్‌ఫ్లాప్ రబ్బరు షీటు బయటికి వాలుగా బిగించండి. ర్యాంపులో తడి ఇసుక ఎత్తే లారీలకీ ఇదే మందు.

వాటర్ సర్వీసింగుకి ఇస్తే, బండి ఆపిన వెంటనే వద్దు. చెయ్యి పెడితే ట్యాంకు గోరువెచ్చగా కూడా తగలనంత చల్లారాక కడగమనండి. మూత, బ్రీదరు, ఫ్లోట్ ఉన్న చోట గన్ను కొట్టకుండా తడి గుడ్డతో తుడిస్తే చాలు. కాలవ గట్టు మీద రాత్రి ఆపేటప్పుడు ట్యాంకు మూత ఉన్న పక్క పల్లంలోకి రాకుండా చూసుకోండి. రాత్రికి ట్యాంకు నింపి పెట్టడం మంచిదే, ఖాళీ తగ్గితే పీల్చేదీ తగ్గుతుంది. అంచుల దాకా మాత్రం వద్దు. 300 లీటర్ల డీజిలు 20 డిగ్రీలు వేడెక్కితే 5 లీటర్లు పెరుగుతుంది, అది గాలి పైపులోకే ఎక్కుతుంది. నూటికి 95 దగ్గర ఆపండి.

ఇప్పటికే లోపల ఉన్న నీళ్ళు తియ్యాలి కదా. బ్రీదరు వరదలో మునిగిన బండి అయితే స్టార్టు చెయ్యకుండా ముందు ఇదే చెయ్యండి. కామన్ రైల్ పంపుకి, నాజిళ్ళకి డీజిలే చమురు. వాటి సందులు మైక్రాన్లలో ఉంటాయి, నీళ్ళు దూరితే గీరుకుపోతాయి. రాత్రంతా బండిని కదపకుండా ఉంచండి. పొద్దున్నే కింద డబ్బా పెట్టి డ్రెయిన్ ప్లగ్ మెల్లగా వదులు చేసి, శుభ్రమైన డీజిలు వచ్చేదాకా పోనివ్వండి. ప్లగ్ వాషరు కొత్తది వెయ్యండి, అల్యూమినియం ట్యాంకుకి అతిగా బిగిస్తే మర చెడిపోతుంది. తర్వాత వాటర్ సెపరేటర్ కింద కుళాయి తిప్పి అందులోవి కూడా తీసి, చేత్తో కొట్టే ప్రైమింగ్ పంపు గట్టిపడేదాకా కొట్టి ఎయిర్ తియ్యండి. నల్లగా జిడ్డు తరకలు వస్తే అది నీళ్ళకీ డీజిలుకీ మధ్య పెరిగిన సూక్ష్మజీవుల పాకుడు. అప్పుడు ట్యాంకు దించి కడగాల్సిందే, ఫిల్టర్లు రెండూ మార్చాల్సిందే. నీళ్ళని డీజిల్లో కలిపేసే మందులు పొయ్యకండి, కలిసిన నీళ్ళు ఫిల్టరు దాటి నేరుగా నాజిల్ దాకా పోతాయి. తీసిన నీళ్ళు కాలవలో పారబొయ్యకండి. కింద ఊళ్ళో అవే తాగుతారు, అవే చెరువులకి పెడతారు. డబ్బాలో పట్టి పాత ఆయిలు కొనేవాళ్ళకి ఇవ్వండి.

పైపు బిగించాక పరీక్ష. బండి 50 కిలోమీటర్లు నడిపి వచ్చి మూత తియ్యండి. సుయ్యిమనకూడదు. రెండో రోజు పొద్దున్న డ్రెయిన్ నుంచి పావు లీటరు గాజు సీసాలోకి పట్టి అరగంట కదపకుండా ఉంచండి. నీళ్ళున్నాయో లేదో కంటికి తెలియకపోతే ఫౌంటెన్ పెన్ను సిరా ఒక చుక్క వెయ్యండి.

[కెమెరా సీసా అడుగుకి]

చూస్తున్నారా, సిరా డీజిల్లో కలవకుండా నీలం పూసలా దొర్లుకుంటూ దిగింది. అడుగున నీళ్ళు లేకపోతే అలాగే పూసలా కూర్చుంటుంది. నీళ్ళుంటే ఇదిగో, ఇలా తగలగానే విచ్చుకుని అడుగంతా నీలం చేసేస్తుంది. వారం పాటు రోజూ చూడండి. పైపు ఎత్తుకి పెట్టినా, ఫ్లోట్ గాస్కెట్ మార్చినా నీలం విచ్చుకుంటూనే ఉంటే, అప్పుడు బంకుని అనుమానించండి. ఈసారి డీజిలు కొట్టించేటప్పుడు గన్నులోంచే నేరుగా ఒక సీసా పట్టించి, అక్కడే అరగంట ఆగి, అదే చుక్క వేసి చూడండి.