మంట ఆగుతుంది సరే, ఉతికితే?

(వరంగల్ స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం. పాల్గొన్నవారు: జౌళి రసాయన శాస్త్ర అధ్యాపకురాలు, జిన్నింగ్ (పత్తి నుంచి గింజలు వేరుచేసే) మిల్లు యజమాని, కొత్తవాడ జంపఖానాల నేతన్న.)

యాంకర్: పత్తి సీజన్ మొదలైతే చాలు, ఎక్కడో ఒక మిల్లులో దూది తగలబడిందని వింటూనే ఉంటాం. మేడమ్, మంటను తట్టుకునే పత్తి సాధ్యమేనా?

అధ్యాపకురాలు: గాలిలో ఆక్సిజన్ 21 శాతం. పత్తి మండడానికి 18 శాతం చాలు. బట్టకు మందు పట్టించి, అది మండడానికి కావాల్సిన ఆక్సిజన్‌ను 26 శాతం దాటిస్తే మామూలు గాలిలో మంట దానంతటదే ఆరిపోతుంది. ఇదేం నిన్నటి ఆలోచన కాదు. 1821లోనే ఫ్రాన్స్‌లో గే లుసాక్ అనే రసాయన శాస్త్రవేత్త నాటకశాలల తెరల కోసం అమ్మోనియం ఫాస్ఫేట్, బోరాక్స్ పరీక్షించాడు. తర్వాత బ్రోమిన్ మందులు వచ్చాయి. పనిచేశాయి గానీ నీళ్లలో, ఒంట్లో పేరుకుపోతాయి. అందుకే వాటిలో కొన్నింటిని 2009లో స్టాక్‌హోం ఒప్పందం జాబితాకెక్కించారు, అంటే ఎంతకీ నశించని హానికర రసాయనాలను అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం. ఇప్పుడు చూపంతా మళ్లీ ఫాస్ఫరస్ వైపే.

మిల్లు యజమాని: మా బాధ వేరు మేడమ్. పత్తిలో చిన్న రాయో, ఇనుప ముక్కో వస్తుంది. మిషన్‌కు తగిలి నిప్పురవ్వ లేస్తుంది. పైకి మంట కనపడదు, బేలు కట్టాక కూడా లోపల రాజుకుంటూనే ఉంటుంది. దానికి మీ మందు ఎట్లా కొట్టాలి?

అధ్యాపకురాలు: కొట్టలేం. వడకాల్సిన దూదికి ఇది పనికిరాదు. అక్కడ అయస్కాంతాలు, నిప్పురవ్వను పసిగట్టే పరికరాలే దిక్కు. నేను చెప్పేది నేసిన బట్ట గురించి.

యాంకర్: ఇంతకీ ఆ మందేంటి?

అధ్యాపకురాలు: అమెరికాలో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ పరిశోధకులు 2012లో ప్రచురించిన పని ఒకటుంది. రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్, గింజల్లో ఉండే, ఫాస్ఫరస్ ఉన్న ఫైటిక్ యాసిడ్. బట్టను మార్చి మార్చి రెండింట్లో ముంచుతూ పొర మీద పొర వేస్తారు. వేడి తగలగానే ఫాస్ఫరస్ పత్తిని మండే వాయువు కానివ్వకుండా బొగ్గుగా మార్చేస్తుంది. ల్యాబ్‌లో బట్ట పట్టీని నిలువుగా వేలాడదీసి 12 సెకన్లు మంట పెడతాం. మామూలు పత్తి పైదాకా కాలిపోతుంది, మంట ఆరినా అంచున ఎర్రటి నిప్పు పాకుతూనే ఉంటుంది. మందు బాగా పట్టిన పట్టీ నల్లగా మాడుతుంది, పడుగూ పేకా మాత్రం లెక్కపెట్టేంత స్పష్టంగా మిగులుతాయి.

నేతన్న: గింజలంటే, తౌడులో కూడా ఉంటదా?

అధ్యాపకురాలు: దండిగా ఉంటుంది.

నేతన్న: మనకు తౌడుకు కరువా! మరి ఉతికితే నిలుస్తదా?

అధ్యాపకురాలు: అసలు చిక్కంతా అక్కడే. ఇలాంటి పూత ఉతుకుడుకు ఊడిపోతుంది. మన బోరు నీళ్లలోని కాల్షియం ఫాస్ఫరస్‌తో కలిసి దాని పని చెడగొడుతుంది. పైగా ఆమ్లం కదా, ఎక్కువైతే నూలు బలం తగ్గుతుంది.

నేతన్న: చొక్కాకైతే కష్టమే. జంపఖానాను రోజూ ఎవరు ఉతుకుతారు? దులిపి ఎండకేస్తారు.

యాంకర్: 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానాలకు ఇది బాగానే అతుకుతుందన్నమాట. హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు కొంటాయేమో.

మిల్లు యజమాని: ధర చూసే కొంటారు.

అధ్యాపకురాలు: నిజమే. అన్నిసార్లు ముంచి ఆరబెట్టడం చిన్న మగ్గానికి గిట్టుబాటు కాదు. ఒక్క ముంచుడులో అయిపోవాలి.

నేతన్న: అట్లయితే రంగు వేసే తొట్టిలోనే పని అయిపోతది. ఒక జంపఖానా పంపిస్తా, కాల్చి చూడండి.

అధ్యాపకురాలు: కొత్తదొక్కటే చాలదు. వాడి, ఉతికినవి కూడా పంపండి.