హేజెల్ డికెన్స్: గని ఊరి నుంచి వచ్చిన పాట

అందరికీ నమస్కారం.

ఈరోజు నేను మాట్లాడబోయేది అమెరికాలో బొగ్గు గనుల బతుకుల మీద పాటలు కట్టిన బ్లూగ్రాస్ గాయని హేజెల్ డికెన్స్ గురించి. అమెరికాలో ఏళ్ళ తరబడి ఉంటున్న మనవాళ్ళలో కూడా ఈ పేరు విన్నవాళ్ళు తక్కువ. కానీ కొత్తగూడెం, మందమర్రి, గోదావరిఖని వైపు నుంచి వచ్చినవాళ్ళకి ఈమె పాట ఒక్కటి వినిపించి, అందులో ఏం ఉందో చెబితే చాలు, ఇంక పరిచయం అక్కర్లేదు. బొగ్గు దుమ్ము మనిషి ఊపిరిని ఏం చేస్తుందో వాళ్ళు ఇళ్ళల్లోనే చూశారు కదా.

ముందు బ్లూగ్రాస్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1940లలో బిల్ మన్రో బృందం చేతుల్లో రూపు కట్టిన సంగీతం ఇది. బాంజో, ఫిడేలు, మాండొలిన్, గిటారు, నిలబెట్టి వాయించే పెద్ద బేసు, వేగంగా పరుగెత్తే తాళం, బాగా పై శ్రుతిలో పాడే గొంతులు. ఆ గొంతులు దాదాపు అన్నీ మగవాళ్ళవే. ఆడవాళ్ళు బ్యాండులో ఉన్నా చాలావరకు ఏ భర్తకో అన్నకో తోడుగా ఒక పక్కన నిలబడేవాళ్ళు. హేజెల్ కూడా మొదట్లో బ్యాండ్లలో బేసు వాయించిన మనిషే.

ఆమె 1925లో పశ్చిమ వర్జీనియాలోని మెర్సర్ కౌంటీలో పుట్టింది, పదకొండు మంది పిల్లల్లో ఎనిమిదోది. తండ్రి గనులకి కలప తోలేవాడు, బాంజో వాయించేవాడు, ప్రిమిటివ్ బాప్టిస్ట్ చర్చిలో ప్రసంగాలు చేసేవాడు. ఆ చర్చిలో వాయిద్యాలు ఉండవు. ఉన్నదల్లా గొంతే, దాన్ని ఎంత గట్టిగా ఎత్తితే అంత. హేజెల్ పాటలో వినిపించే ఆ గరుకు, ఆ పదును అక్కడివే. కొంతమందికి మొదటిసారి విన్నప్పుడు చెవికి ఇబ్బందిగా ఉంటుంది, అది నిజమే, కానీ దాన్ని నునుపు చేసి ఉంటే ఈ పాటలు ఎవరికీ గుర్తుండేవి కావని నా గట్టి నమ్మకం.

1950ల మొదట్లో పని వెతుక్కుంటూ బాల్టిమోర్ వెళ్ళింది. ఫ్యాక్టరీల్లో చేసింది. కొండ ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళని, వాళ్ళ యాసని నగరంలో ఎగతాళి చేసే రోజులవి. ఆమె సోదరుడు చికిత్స పొందుతున్న క్షయ ఆసుపత్రిలో మైక్ సీగర్ అనే యువ సంగీతకారుడు పనిచేసేవాడు. ఆ పరిచయంతో ఆమె పాట ఇంటి బయటికి వచ్చింది. తర్వాత ఆలిస్ జెరార్డ్ కలిసింది. ఈమె పడమటి తీరం వైపు పెరిగి, కాలేజీలో చదువుకున్న అమ్మాయి. పెంపకం ఒకటి కాదు, చదువు ఒకటి కాదు, కానీ ఇద్దరూ కలిసి పాడితే ఆలిస్ అసలు వరస పట్టుకుంటే హేజెల్ దాని మీదుగా పై శ్రుతి అందుకునేది.

1965లో వాళ్ళ మొదటి రికార్డు వచ్చింది. అందులో ఫిడేలు వాయించింది చబ్బీ వైజ్. ఈయన 1946లో బిల్ మన్రో పక్కన నిలబడి ఈ సంగీతాన్ని తయారుచేసినవాళ్ళలో ఒకడు. అలాంటి మనిషి ఇద్దరు ఆడవాళ్ళ పాటకి వెనక ఫిడేలు పట్టాడంటే, ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. 1968 నవంబరులో పశ్చిమ వర్జీనియాలోని ఫార్మింగ్టన్ గనిలో పేలుడు జరిగింది, 78 మంది పోయారు. హేజెల్ దాని మీద పాట కట్టింది. మంచి పాటే. కానీ నా మనసుకి అంతకన్నా లోతుగా దిగేది 'బ్లాక్ లంగ్' అనే పాట. బొగ్గు దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైపోయే గని కార్మికుల జబ్బు పేరది. ఆమె సోదరుడు థర్మన్ ఆ జబ్బుతోనే చనిపోయాడు. ఈ పాటని ఆమె ఏ వాయిద్యమూ లేకుండా, చర్చిలో నేర్చుకున్న పద్ధతిలో, ఒక్క గొంతుతో పాడుతుంది. అందులో జబ్బుని ఎదురుగా నిలబెట్టి మాట్లాడుతుంది. జబ్బు పడ్డ కార్మికుడు వెళ్తే కంపెనీ దొర తలుపు వేసేస్తాడు. చివర్లో శ్మశానానికి ఆ దొర చిన్న పూలగుత్తి పట్టుకుని వస్తాడు. ఆ పూలు నువ్వే వెనక్కి తీసుకుపో అంటుంది ఆమె. ఆ ఒక్క మాటలో కోపం, దుఃఖం, పరువు అన్నీ ఉన్నాయి, పైగా ఎక్కడా గొంతు వణికించదు.

ఆడవాళ్ళ గురించి కూడా ఇంతే సూటిగా రాసింది. బారులో కూర్చునే ఆడదాన్ని చూసి నవ్వుకునే మగవాళ్ళకి, ఆమె ఆ స్థితికి రావడంలో మీ చెయ్యి కూడా ఉందని ముఖం మీదే చెప్పే పాట ఒకటి ఉంది. అది 1973లో హేజెల్, ఆలిస్ పేర్లతోనే వచ్చిన ఆల్బమ్‌లోది. బ్లూగ్రాస్ వేదిక మీద అప్పట్లో ఇలా పాడాలంటే ఎంత తెగింపు ఉండాలో ఆలోచించండి! తర్వాత పేరు తెచ్చుకున్న కంట్రీ గాయని నయోమీ జడ్ లాంటివాళ్ళు కలిసి పాడటం నేర్చుకున్నది వీళ్ళ రికార్డు పెట్టుకునే.

1976లో హేజెల్, ఆలిస్ జోడీ విడిపోయింది. అదే ఏడాది కెంటకీలోని హార్లన్ కౌంటీ గని కార్మికుల సమ్మె మీద బార్బరా కోపుల్ తీసిన డాక్యుమెంటరీ వచ్చింది, దానికి ఆస్కార్ వచ్చింది, అందులో హేజెల్ పాటలున్నాయి. 1980లలో మూడు సొంత ఆల్బమ్‌లు చేసింది. యూనియన్ సభలకి, సమ్మెలకి వెళ్ళి పాడింది. ఇంత పేరున్న మనిషి చాలా ఏళ్ళు వాషింగ్టన్‌లో దుకాణంలో ఉద్యోగం చేస్తూనే పాడిందని మర్చిపోకండి. సంగీతంతోనే ఇల్లు గడవాలనే టెన్షన్ లేకపోవడం వల్లే ఆమె ఎవరికోసమూ పాట మార్చలేదేమో అని నాకనిపిస్తుంది, అలాగని ఆ కష్టం తక్కువదీ కాదు.

2001లో అమెరికా ప్రభుత్వం నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ ఇచ్చింది. 2011 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో కన్నుమూసింది. బ్లూగ్రాస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి హేజెల్, ఆలిస్ జోడీని తీసుకున్నది 2017లో, అంటే హేజెల్ పోయిన ఆరేళ్ళకి. ఈ ఆలస్యం నాకు ఇప్పటికీ బాధే. బతికుండగా ఆ వేదిక మీద ఇద్దరినీ కలిపి నిలబెట్టి ఉండాల్సింది.

కొత్తగా వినేవాళ్ళు ముందు ఇద్దరూ కలిసి పాడినవి వినండి, చెవి అలవాటు పడుతుంది. ఆ తర్వాత పుట్టిన ఊరు వదిలొచ్చిన బెంగతో ఆమె పశ్చిమ వర్జీనియా మీద రాసుకున్న పాట వినండి, అది మనలాంటి వలస మనుషులకి వెంటనే పట్టుకుంటుంది. 'బ్లాక్ లంగ్' ఇప్పుడే పెడతాను. ప్రశ్నలు ఆ తర్వాత మాట్లాడుకుందాం.