పిల్లలొద్దంటే స్వార్థమా? అత్తా మేనకోడళ్ళ కబుర్లు

మేనకోడలు: రికార్డ్ అవుతోంది అత్తా. ఫ్యాన్ ఆపావా?

అత్త: ఆపాను. ఉక్కపోతకి చస్తున్నాం, తొందరగా కానియ్.

మేనకోడలు: నమస్కారమండీ. పాలకొల్లు నుంచి మా మేనత్త, భీమవరం నుంచి నేను. ఇవాళ్టి విషయం నువ్వే చెప్పు, గొడవ మొదలెట్టింది నువ్వే కదా.

అత్త: గొడవేం కాదు. పిల్లలు పుట్టనివాళ్ళ సంగతి నేను మాట్లాడట్లేదండీ, వాళ్ళ బాధ వేరు. ఒళ్ళు బాగుండి, చేతిలో నాలుగు డబ్బులుండి, మొగుడు మంచోడై ఉండి కూడా మాకు పిల్లలొద్దు అనుకుంటే అది స్వార్థమేనంటాను. మొహం మీదే అంటున్నా, వెనకాల అనే అలవాటు నాకు లేదు.

మేనకోడలు: వినేవాళ్ళ కోసం చెప్తున్నా, ఆ మొహం నాదే. సరే అత్తా, ఒకళ్ళకి చెందాల్సింది నేను లాక్కుంటే స్వార్థం. పుట్టని పిల్ల దగ్గర నేనేం లాక్కున్నాను?

అత్త: పుట్టని పిల్ల దగ్గర కాదే, ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర. మీ అత్తగారు సాయంత్రం అరుగు మీద కూచుని వీధిలో పిల్లల్ని చూస్తూ ఉంటుంది. నీకు కనపడదా?

మేనకోడలు: కనపడుతుంది. కష్టంగానే ఉంటుంది. కానీ ఆవిడకి పొద్దుపోవడానికి నేనో మనిషిని కనాలా? జనం చెప్పే కారణాలు చూడు. ముసలితనంలో చూస్తారు, ఆస్తికి వారసుడు కావాలి, తలకొరివి పెట్టేవాడు కావాలి, వంశం నిలబడాలి. ఇందులో ఆ పిల్ల కోసం కనడమనేది ఎక్కడుంది? అన్నీ మన కోసమే. నువ్వు ఏమనుకుని కన్నావు?

అత్త: నేనా? ఏం అనుకోలేదు. అనుకునే వ్యవధి ఎవరిచ్చారు? పెళ్ళయింది, ఏడాది తిరక్కుండా "విశేషమా" అని అడిగారు, విశేషమే అయింది. రెండోవాడు పుట్టాక ఆపరేషన్ చేయించేశారు. అదీ నన్నెవరూ అడగలేదు.

మేనకోడలు: అదుగో. 2019–21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు పెళ్ళైన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళది ఒక్క శాతం కూడా లేదు. కనేటప్పుడూ మన ఒళ్ళే, ఆపేటప్పుడూ మన ఒళ్ళే. అసలొద్దు అని మనం అంటే మాత్రం ఊరంతా పంచాయితీకొస్తుంది.

అత్త: ప్రభుత్వమూ అలాగే ఉందిలే. ఇద్దరి కన్నా ఎక్కువుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడొద్దని 1994లో చట్టం తెచ్చారు. మూడోది పుడితే సర్పంచ్ పదవి పోతుందని లెక్కలేసుకున్న మగాళ్ళని నేనెరుగుదును. మొన్న 2024లో ఆ నిబంధన ఎత్తేసి, ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు.

మేనకోడలు: జనాభా తగ్గకుండా ఉండాలంటే ఒక్కో ఆడమనిషికి సగటున 2.1 మంది పుట్టాలంట. మన రాష్ట్రంలో ఆ సర్వే నాటికే 1.7కి వచ్చేసింది. అంటే నాలాంటోళ్ళ వల్ల తగ్గలేదు అత్తా, ఒకళ్ళతోనో ఇద్దరితోనో ఆపేసిన మీ అందరి వల్లే తగ్గింది. మిమ్మల్నెవరూ స్వార్థపరులనరే?

అత్త: ఒకళ్ళనైనా కన్నాం కాబట్టి.

మేనకోడలు: కన్నవాళ్ళని అనరా? మస్కట్, కువైట్ వెళ్ళిన వాళ్ళని ఏమంటారో నీకు తెలీదా?

అత్త: తెలీకేం. మా వెనకింటి పిల్ల తల్లి కువైట్లో ఒకళ్ళింట్లో పనిచేస్తోంది. పొద్దున్నే ఈ పిల్ల ఫోన్ని ఉప్పుడబ్బాకి ఆనించి, అమ్మమ్మ ముందు కూచుని జడేయించుకుంటుంది. అక్కణ్ణించి తల్లి "పాపిడి వంకరపోయిందే, మళ్ళీ తియ్యి" అంటుంది. ముసలావిడకి కళ్ళు ఆనవు. మళ్ళీ తీస్తుంది, మళ్ళీ వంకరే. ఒక్కోరోజు ఇంతలో బస్సు హారన్ కొట్టేస్తాడు.

మేనకోడలు: ఆ తల్లిని వీధిలో ఏమంటారు?

అత్త: పిల్లని వదిలేసి పోయిందంటారు. ఆవిడ పంపిన డబ్బుతోనే మేడ లేస్తోంది, దాని గృహప్రవేశానికి వీళ్ళే భోజనానికెళ్తారు. అలా అనడమూ తప్పేలే, నేను కాదనను.

మేనకోడలు: ఇంకోటి అత్తా. రాజమండ్రిలో వీరేశలింగం గారికి, రాజ్యలక్ష్మమ్మ గారికి పిల్లల్లేరు. 1881లో మొదటి వితంతు వివాహం చేశారు. ఊరు వెలేస్తే వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు కూడా రాలేదు. ఆవిడే గోదావరికెళ్ళి నీళ్ళు తెచ్చి, ఆ పెళ్ళివాళ్ళకి వండిపెట్టింది. చివరికి వాళ్ళ ఆస్తి సేవ కోసం తాము పెట్టిన హితకారిణీ సమాజానికిచ్చేశారు.

అత్త: వాళ్ళు వద్దనుకోలేదు కదే, పుట్టలేదు. ఆవిణ్ణి నీ పక్కన నిలబెట్టుకోకు. పైగా అంత సేవ చేస్తేనే పిల్లల్లేకపోవడం క్షమిస్తారన్నమాట, అంతేనా? నువ్వేం సేవ చేస్తున్నావు, సాఫ్ట్‌వేర్ కదా?

మేనకోడలు: (నవ్వు) బాగానే కొట్టావు. నిజమే, సేవ చేయకుండా ఊరికే బతికే హక్కు కూడా నాకుండాలి. పిల్లల్ని కనాలా వద్దా అన్నది ఆడదాని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది.

అత్త: హక్కుందంటే స్వార్థం కాదని కాదుగా. అన్నదమ్ముడికి సెంటు భూమి వదలకపోవడం కూడా హక్కే.

మేనకోడలు: సరే, అది వదిలెయ్. ఒక సీమంతంలో గాజులు తొడిగేటప్పుడు నన్ను పక్కకి జరిపారే, నువ్వక్కడే ఉన్నావు.

అత్త: ఉన్నాను. ఎవరు జరిపారో కూడా చూశాను. ఇదుగో, ఇది అందరూ వినాలి. స్వార్థం అనడం వేరు, అశుభం అనడం వేరు. నేను మొదటి మాట అంటాను, నీతో వాదిస్తాను, నువ్వూ వాదిస్తావు. రెండోది వాదన కాదు. మనిషిని గుమ్మంలో నిలబెట్టడం. పిల్లలు పుట్టక ఏడ్చేదాన్నీ అలాగే జరుపుతారు, వద్దనుకున్నదాన్నీ అలాగే జరుపుతారు. మీ ఆయన్నెవరైనా జరిపారా?

మేనకోడలు: ఆయన్ని బంతిలో ముందు కూచోబెట్టి పూతరేకులు రెండు ఎక్కువ వేశారు. నిర్ణయం ఇద్దరిదీ. స్వార్థం మాత్రం నాకొక్కదానికే రాసిచ్చారు.

అత్త: ఊఁ. అక్కడ నాకు జవాబు లేదు. కానీ నా అసలు భయం వేరే. పెద్దాడు డాలస్‌లో ఉంటేనేం, నా మోకాలి ఆపరేషన్‌కి డబ్బు కట్టాడు, డాక్టరుతో ఫోన్లో మాట్లాడాడు.

మేనకోడలు: రాత్రి ఆసుపత్రిలో నీ మంచం పక్కన చాపేసుకుని పడుకున్నదెవరు?

అత్త: నువ్వే. నా భయం అదే. నువ్వు నాకు చేశావు, రేపు నీకెవరు చేస్తారు? మా వీధిలో పై అంతస్తులన్నీ తాళాలే, కింద ఒక ముసలాయనో ముసలమ్మో. పిల్లలున్న మాకే ఇలా ఉంటే నీకెలా?

మేనకోడలు: ఇది మాత్రం మంచి ప్రశ్న, తేలిగ్గా కొట్టెయ్యను. పిల్లల్లేని వృద్ధులు తమ ఆస్తి దక్కబోయే బంధువుల్ని పోషణ అడగొచ్చని 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో ఉంది.

అత్త: ఆర్డీవో ఆఫీసుకెళ్ళి అన్నం తెచ్చుకుంటావా? చట్టంతో పోషణ వస్తుందేమో గానీ, మాత్రలు వేసుకున్నావా అని అడిగే మనిషి రాడు.

మేనకోడలు: రాడు. అందుకే స్నేహితుల దగ్గరా చెల్లెళ్ళ దగ్గరా ఇప్పట్నుంచే మనుషుల్ని కూడగట్టుకుంటున్నా. అది చాలుతుందో లేదో చూడాలి. డబ్బు సంగతి ఇంకా విచిత్రం. హిందూ వారసత్వ చట్టంలో, పిల్లల్లేని ఆడది వీలునామా రాయకుండా పోతే, పుట్టింటినుంచి వారసత్వంగా వచ్చింది మా నాన్నవైపు వారసులకెళ్తుంది. నేను ఉద్యోగం చేసి సంపాదించింది మాత్రం మొగుడికి, ఆయనా లేకపోతే ఆయన తరఫు వారసులకి. మా అమ్మ ఆ తరవాతే.

అత్త: నీ జీతంతో కొన్నదీ అంతేనా?

మేనకోడలు: అంతే. అందుకే వీలునామా ఒక్కటే దారి. తెల్లకాగితం మీద రాసి, మనం సంతకం పెట్టి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించినా చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. పిల్లలొద్దనుకున్న ప్రతి ఆడమనిషీ ముందు ఆ పని చెయ్యాలి.

అత్త: రేపే రాయి. సాక్షి సంతకం నేను పెడతా. నాకు మాత్రం ఏమీ రాయకు, స్వార్థమంటారు.

మేనకోడలు: రాయడానికేముంది అత్తా, ఇంకా ఇంటి అప్పే తీరలేదు. ఫ్యాన్ వేసుకో ఇంక.