ముల్లు ఒకే చోట నిలవాలి: మంచు బండి క్లచ్ నేర్పే పాఠం

అందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం, బెంగళూరులో, బెల్టు క్లచ్ గురించి వినడానికి ఇంతమంది తెలుగు విద్యార్థులు వచ్చారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. మీలో ఎక్కువమంది కళాశాల పోటీ కోసం బగ్గీ తయారు చేస్తున్నారు. దానికి గేరుపెట్టె బదులు సీవీటీ, అంటే మెట్లు లేకుండా గేరు మార్చే బెల్టు పుల్లీల జత, బిగించారు. ఆ సీవీటీని అన్నిటికన్నా కఠినంగా పరీక్షించేది మంచు మీద నడిచే స్నోమొబైల్. ఉద్యోగరీత్యా నేను అమెరికాలోని మిన్నెసోటాలో నాలుగు శీతాకాలాలు గడిపాను. అక్కడ ఒక పాత టూ స్ట్రోక్ స్నోమొబైల్ కొని, దాని క్లచ్‌ను ఎన్నిసార్లు విప్పి బిగించానో లెక్క లేదు. ఈ రోజు చెప్పేదంతా ఆ చలిలో చేతులతో నేర్చుకున్నదే.

స్కూటర్ విప్పినవాళ్లకు ఇందులో సగం తెలిసినట్టే. 1984లో కైనెటిక్ హోండా వచ్చినప్పటి నుంచి మన ఇళ్లలో ఇలాంటి గేర్లు లేని స్కూటర్లు నడుస్తున్నాయి. రెండు పుల్లీలు, మధ్యలో ఒక వీ బెల్టు. ఇంజిను వేగం పెరిగేకొద్దీ ముందు పుల్లీ బిళ్లలు దగ్గరవుతాయి, బెల్టు పైకి ఎక్కుతుంది. వెనక పుల్లీ బిళ్లలు విడిపోయి బెల్టు లోపలికి దిగుతుంది. గేరు మారుతుంది, కానీ మెట్లు లేవు. ఒక్క తేడా గుర్తుంచుకోండి. స్కూటర్‌లో బండిని కదిలించే క్లచ్ వెనక చక్రం దగ్గర ఉంటుంది. స్నోమొబైల్‌లో ముందు పుల్లీయే క్లచ్. ఇంజిను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు అది బెల్టును పట్టుకోదు. మూడు నాలుగు వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిను తిరిగే చుట్లు) దగ్గర పట్టుకుంటుంది, అప్పుడే బండి కదులుతుంది.

ఇప్పుడు అసలు మాట. క్లచ్ ఇంజినుకు బలం ఇవ్వదు. పిండి కొద్దీ రొట్టె. మరి ట్యూనింగ్ ఎందుకు? బండి కట్టిన ఎద్దులకు ఒక నడక ఉంటుంది. ఆ నడకలో ఉన్నంతసేపు బరువును హాయిగా లాగుతాయి. పరుగెత్తించినా, మరీ నెమ్మదింపజేసినా అలసిపోతాయి. ఇంజినూ అంతే. ఒక టూ స్ట్రోక్ ఇంజిను 8,000 ఆర్‌పీఎం దగ్గర అత్యధిక శక్తి ఇస్తుందనుకోండి. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు, బండి నిలబడిన చోటు నుంచి చివరి వేగం దాకా, ఇంజిను చుట్లు చూపే టాకోమీటర్ ముల్లు ఆ 8,000 దగ్గరే నిలవాలి. పెరగాల్సింది బండి వేగం, ముల్లు కాదు. ఇంజినును దాని నడకలోనే ఉంచడం క్లచ్ పని. మనం చేసే మార్పులన్నీ దానికోసమే.

ముందు క్లచ్‌లో రెండు శక్తులు పోట్లాడుకుంటాయి. తిరిగేకొద్దీ బయటికి విసిరేసుకునే బరువులు బిళ్లను నెడతాయి, స్ప్రింగు దాన్ని వెనక్కి తోస్తుంది. బరువు పెంచితే ముల్లు దిగుతుంది, తగ్గిస్తే ఎక్కుతుంది. ఎంత? దీనికి ఊహ అక్కరలేదు. ఆ విసురు శక్తి బరువును బట్టి, ఆర్‌పీఎం వర్గాన్ని బట్టి ఉంటుందని మీరు ఇంటర్మీడియట్‌లోనే చదివారు. మీ బరువు ఒక్కొక్కటి 60 గ్రాములు, ముల్లు 7,750 దగ్గర ఆగిపోతోంది, కావాల్సింది 8,000. 7,750ని 8,000తో భాగించి, వర్గం చేసి, 60తో గుణించండి. 56 గ్రాములు, పైన చిన్న ముక్క వస్తుంది. కాగితం మీద లెక్క అంతే. అయినా నాలుగు గ్రాములు ఒక్కసారే తీయవద్దు. ముల్లు జరిగితే ఇంజిను తిప్పే బలం కూడా మారుతుంది. ఆ గ్రాములు బరువు కొస దగ్గర తీశారా, కీలు దగ్గర తీశారా అన్నదీ లెక్కలోకి వస్తుంది. రెండు గ్రాములు తీసి, నడిపి, చూసి, తర్వాతి అడుగు వేయండి. అన్ని బరువులూ సమానంగా ఉండాలి. నగల దుకాణంలో బంగారం తూచే త్రాసులాంటి దాని మీద తూచండి. స్కీ డూ అనే పేరుతో వచ్చే కొన్ని స్నోమొబైళ్లలో బరువు మార్చకుండానే ఒకటి నుంచి ఆరు దాకా గుర్తులున్న మరలు తిప్పుకోవచ్చు. ఒక్కో గుర్తుకు దాదాపు 200 ఆర్‌పీఎం మారుతుంది. బరువు ఎక్కువగా తగ్గించడమూ ప్రమాదమే. టూ స్ట్రోక్ ఇంజిను శిఖరం దాటిందంటే శక్తి ఒక్కసారిగా జారిపోతుంది.

నేను చేసిన తప్పు చెబుతాను. రెండో శీతాకాలంలో ఒకే సాయంత్రం స్ప్రింగు మార్చాను, బరువులూ మార్చాను. మర్నాడు ముల్లు 7,300 దాటలేదు. ఇంజినులోనే లోపం ఉందనుకుని రెండు వారాలు కార్బ్యురేటర్ విప్పుతూ కూర్చున్నాను. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది ఏం చేసిందో చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. అప్పటి నుంచి ఒక మార్పు, ఒక పరుగు, నోటుపుస్తకంలో ఒక వరుస. గాలి ఉష్ణోగ్రత కూడా రాసుకుంటాను.

ఎత్తు సంగతి బెంగళూరులో ఉన్న మనకు బాగా అర్థం కావాలి. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. గాలి పలచబడేకొద్దీ, టర్బో లేని ఇంజిను ప్రతి 300 మీటర్లకు సుమారు మూడు శాతం శక్తి కోల్పోతుంది. అంటే చెన్నైలో చక్కగా కుదిర్చిన బండి ఇక్కడికి వచ్చేసరికి తొమ్మిది శాతం దాకా బలహీనపడుతుంది. బరువులు మాత్రం అవే, కాబట్టి ముల్లు దిగుతుంది. గుల్మార్గ్ 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నాలుగో వంతు శక్తి పోతుంది. స్నోమొబైల్ తయారీదారులు ఎత్తును బట్టి ఏ బరువు, ఏ స్ప్రింగు వేయాలో పట్టిక ఇచ్చేది ఇందుకే. మీ పోటీ జరిగే ఊరి ఎత్తు తెలుసుకోకుండా ఇక్కడి తూకాలతో వెళ్లవద్దు.

స్ప్రింగు గురించి కొంచెమే. దాని మొదటి బలం బెల్టు ఎప్పుడు పట్టుకోవాలో నిర్ణయిస్తుంది, చివరి బలం పై వేగంలో ముల్లును నిలుపుతుంది.

స్నోమొబైల్ వెనక పుల్లీని కూడా క్లచ్ అనే పిలుస్తారు. అందులో హెలిక్స్, అంటే మెలి తిరిగిన వాలు, ఉంటుంది. స్కూటర్ వెనక పుల్లీలో పిన్ను జారే వంకర గాడి చూశారు కదా, అదే వంశం. చక్రం మీద భారం పెరగగానే ఆ వాలు బిళ్లలను మూసి, బెల్టును తిరిగి తక్కువ గేరులోకి తెస్తుంది. వాలు నిటారుగా ఉంటే గేరు త్వరగా పైకి వెళుతుంది, ముల్లు దిగుతుంది. వాలు తక్కువైతే గేరు నిదానంగా మారుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు త్వరగా కిందికి వస్తుంది. మెత్తటి లోతైన మంచులో థ్రాటిల్ వదిలి మళ్లీ తెరిచినప్పుడు ఈ గుణమే బండిని కూరుకుపోకుండా కాపాడుతుంది. మీ బగ్గీకి బురద కూడా అలాంటిదే. చాలామంది బరువుల దగ్గరే ఆగిపోయి హెలిక్స్ జోలికి వెళ్లరు. అది పొరపాటని నా గట్టి నమ్మకం.

వీటన్నిటికన్నా ముందు బెల్టు. పుల్లీలు ఒకే గీతలో లేకపోయినా, బెల్టు అరిగి సన్నబడినా, మీ తూకాలన్నీ వృథా. బిళ్లల ముఖాలు నూనె లేకుండా శుభ్రంగా ఉండాలి. బండి ఆపి, ఇంజిను పూర్తిగా ఆగాక పుల్లీల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. విపరీతంగా కాలుతుంటే బెల్టు జారుతోందని అర్థం. జారిన బెల్టు ఇంజిను శక్తిని వేడిగా మార్చి పారేస్తుంది. బెల్టు కవచం తీసి ఇంజిను తిప్పవద్దు. తెగిన బెల్టు ముక్క వేళ్లను తీసుకెళ్లగలదు.

మిన్నెసోటాలో బయలుదేరే ప్రతివాడూ సీటు కింద అదనపు బెల్టు పెట్టుకుంటాడు. ఊరికి దూరంగా, గడ్డకట్టే చలిలో బెల్టు తెగితే అది ప్రాణం మీదికి వచ్చే విషయం. కెనడా మెకానిక్ జోసఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ కొడుకు 1934 శీతాకాలంలో, మంచు కప్పిన దారుల్లో ఆసుపత్రికి చేర్చలేక చనిపోయాడు. ఆ తండ్రే 1959లో స్కీ డూ తెచ్చాడు. ఈ యంత్రాన్ని నేను ఆటవస్తువుగా ఎప్పుడూ చూడలేకపోయాను.

మధ్యాహ్నం మీ బగ్గీని వెనక ఖాళీ స్థలంలోకి తీసుకురండి. ముందు పుల్లీ బిళ్ల మీద మధ్య నుంచి అంచు దాకా మార్కర్‌తో ఒక గీత గీద్దాం. పూర్తి థ్రాటిల్‌తో ఒక్క పరుగు చాలు. బెల్టు ఎక్కినంత మేర గీత చెరిగిపోతుంది. అంచు దగ్గర గీత మిగిలిందంటే మీ బండి ఆఖరి గేరును ఇంకా చూడలేదన్నమాట. అప్పుడు బరువులు తీసి తూచుదాం. నోటుపుస్తకం ఎవరు రాస్తారో ఇప్పుడే తేల్చుకోండి.